రాజుగారి పక్షం

ఒకానొక రాజ్యం. పేరు మకరపురి. నిన్నమొన్నటి దాకా ఇరుగుపొరుగు కూడా లెక్కచేయని ఆ రాజ్యానికి ఓడల వ్యాపారం కలిసొచ్చింది. దాంతో రాజు మహీధరవర్మ కాళ్లు నేలమీద ఆనడం మానేశాయి. సముద్రాల అవతలి తగాదాలు కూడా తనే తీర్చాలనుకున్నాడు.

తగాదా ఉండనే ఉంది. నడిసముద్రంలో ముత్యాలు దొరికే ఇసుకతిన్నె కోసం శంఖద్వీపం, తాళద్వీపం కత్తులు నూరుతున్నాయి. ఒకరు గుర్రాలు పంపుతారు, ఒకరు కర్పూరం పంపుతారు. రాజుకు రెండూ కావాలి. అందుకని ఇద్దరు రాయబారులనూ విడివిడిగా పిలిచి, "మేము మీ పక్షం" అని మాటిచ్చాడు.

పక్కనే ఉన్న విదూషకుడు తిప్పన గుండెల్లో రాయి పడింది. కూతురి కాపురం శంఖద్వీపం రేవులోనే. నెలలు నిండిన పిల్ల. యుద్ధమొస్తే ముందు తగలబడేది ఆ రేవే.

"ప్రభూ, ఇద్దరికీ ఒకే మాటా?"

"ఎక్కడివాళ్లక్కడికి పోతారు. నీకెందుకయ్యా బెంగ?"

పోనిచ్చాడా మరి? తనకు 'జగన్మిత్ర' బిరుదు తగిలించుకునే సభకు ఇద్దరినీ ఆయనే పిలిచాడు.

శంఖద్వీపం రాయబారి లేచి, "మకరపురి మా పక్షం. ఇక తిన్నె మాదే" అన్నాడు.

"మీ పక్షమా! మాటిచ్చింది మాకు!" అని తాళద్వీపం రాయబారి గయ్యిమన్నాడు. ఇద్దరి చేతులూ కత్తిపిడుల మీదికి వెళ్లాయి.

రాజు తిప్పన వైపు వంగాడు. అతని చెవిలో, "నా మాట బొంకు కాకూడదు. అయిందా, నీ తల ఉండదు" అని గొణిగాడు.

తల సంగతి తర్వాత, తిప్పన కళ్లముందు కూతురే కదలాడింది. బెంగ కనపడకుండా నవ్వుతూ లేచాడు.

"అయ్యలారా, పక్షమంటే ఎన్నాళ్లు?"

"పదిహేను రోజులు" అన్నాడు ఆస్థాన జ్యోతిష్కుడు, అలవాటు కొద్దీ.

"అదే మా ప్రభువుల తీర్పు. శుక్లపక్షం శంఖద్వీపానిది, బహుళపక్షం తాళద్వీపానిది. ఎవరి పక్షంలో వారు ముత్యాలు ఏరుకోండి. ఇద్దరికీ ఇచ్చిన మాట ఇద్దరికీ నిలిచింది. కాదంటారా ప్రభూ?"

కాదంటే పరువు పోతుంది. "అదే... అదే మా ఉద్దేశం" అన్నాడు రాజు.

రాయబారులిద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

శంఖద్వీపం రాయబారి జ్యోతిష్కుడి వైపు తిరిగాడు. "ఇవాళ తిథి ఏమిటి?"

"బహుళ విదియ."

"అయితే ముందు వాళ్లే దిగాలన్నమాట" అని సణుగుతూ కత్తి వదిలి కూర్చున్నాడు. తాళద్వీపం రాయబారి కూడా కత్తిపిడి మీది చెయ్యి తీశాడు.

సభ ముగిశాక రాజు నిలదీశాడు. "పక్షాలన్నీ పంచేశావు. మరి నాకేది మిగిల్చావయ్యా?"

"తమరిది మొదటినుంచీ స్వపక్షమే కదా ప్రభూ!"

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. తిప్పన మెడ తడుముకున్నాడు. అంతలో రాజు పగలబడి నవ్వి మెడలోని హారం తీశాడు.

"హారం వద్దు ప్రభూ. రేపటి ఓడలో చోటిప్పించండి. కూతురి పురుటికి అందుకోవాలి."

"సరే. అక్కడ ఎన్నాళ్లుంటావు?"

"ఒక పక్షం" అన్నాడు తిప్పన, కళ్లు తుడుచుకుంటూ. "ఆ పక్షం మాత్రం ఎవరికీ పంచను ప్రభూ. అది నా మనవడిది."