మూడు మూటల బియ్యం

ఏమర్రా కెజియా, నాతానూ, ఇలా వచ్చి పడుకోండి. దుప్పటి కాళ్ళ దాకా లాక్కోండి. ముందు ఒక ప్రశ్న అడుగుతాను, చెప్పండి చూద్దాం. రోజూ నేను బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి ఆ మూలనున్న కుండలో వేస్తాను కదా. ఎందుకు?

దేవుడి కోసమా? సరే, సగం మార్కులు. మరి దేవుడు అన్నం వండుకుంటాడా? వండుకోడు కదా, అందుకే సగం. మిగతా సగం కావాలంటే కథ వినాలి. ఇది నవ్వుకునే కథ కాదు, ముందే చెబుతున్నాను.

అనగనగా, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉప్పుగుంట అని ఒక పల్లె. ఆ పల్లెలో రాళ్ళతో కట్టిన గుడి ఒకటి ఉండేది. మన క్రైస్తవుల గుడే. ఒక గంట, ఒక అయ్యగారు, గుమ్మం పక్కన ఒక పెద్ద మట్టి బాన.

ఆ పల్లెలో ప్రతి ఇల్లాలూ వంటకి ముందు పిడికెడు బియ్యం విడిగా తీసి పెట్టేది. ఆదివారం వాటిని మూట కట్టి తెచ్చి ఆ బానలో పోసేది. పిడికెడంటే ఎంత? నీ గుప్పెట్లో పట్టేంత, నాతానూ. అంత తీసినందుకు ఏ ఇంట్లోనూ ఎవరి కడుపూ మాడదు. కానీ ఊరంతా పోస్తే బాన నిండేది. ఆ తర్వాత జబ్బున పడ్డవాళ్ళకీ, పని దొరకనివాళ్ళకీ ఆ బానలోంచి కొలిచి ఇచ్చేవాళ్ళు. దేవుడి బియ్యం అంటే అదన్నమాట. అర్థమైందా?

ఆ బానని చూసుకునేది లూదియమ్మ. ఆవిడకి భర్త పోయాడు, పిల్లల్లేరు. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పడం, ఆడవాళ్ళ చేత అక్షరాలు దిద్దించడం, మంచం పట్టినవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చెయ్యడం ఆవిడ పని. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో అందరికంటే ముందు ఆవిడకే తెలిసేది.

ఆ గుడికి పెద్దలు ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు జెకర్యా, నడిపివాడు ఆమోసు, చిన్నవాడు తీతు. ముగ్గురూ చిన్నప్పుడు లూదియమ్మ ఒళ్ళో కూర్చుని పాటలు నేర్చుకున్నవాళ్ళే.

అప్పుడు ఒక తగువు వచ్చింది. బాప్తిస్మం ఎలా ఇవ్వాలి? నెత్తిన నీళ్ళు చిలకరిస్తే చాలన్నాడు జెకర్యా. కాదు, మనిషిని నిండా ముంచాలన్నాడు ఆమోసు. మాటా మాటా పెరిగింది. ఆమోసు తనవాళ్ళని తీసుకుపోయి కాలవగట్టున వేరే మందిరం కట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇంకో తగువు వచ్చింది. క్రిస్మస్ ఆరాధనలో తీతు భార్య ముందువరస బల్ల మీద కూర్చుంటే, అది పెద్దకోడలి చోటని ఎవరో లేపారు. తీతు ఆ పూటే లేచిపోయాడు. పెంకుల పాక ఒకటి వేసి, అక్కడ మూడో గంట కట్టాడు. చూడండి, మొదటి తగువులో అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. రెండోదాంట్లో బల్ల తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు మూడు గుడులు, మూడు గంటలు, మూడు బానలు. ఒకళ్ళ ఇంట పెళ్ళికి ఇంకొకళ్ళు వెళ్ళరు. ఒకళ్ళు పాట ఎత్తుకుంటే పక్కవాళ్ళు డప్పు గట్టిగా వాయిస్తారు, వినబడకుండా.

మరి లూదియమ్మ ఏ గుడికి వెళ్ళింది? మూడింటికీ వెళ్ళింది. ఆదివారం పొద్దున రాతిగుడి, మధ్యాహ్నం కాలవగట్టు, పొద్దువాటారాక పెంకుల పాక. పిడికెడు కాస్తా మూడు పిడికిళ్ళయింది. మూడు మూటలు కట్టుకుని వెళ్ళేది. మూడు చోట్లా ఒకటే ప్రార్థన చేసేది, "తండ్రీ, వీళ్ళని కలుపు" అని.

"ఏం పిన్నీ, అందరికీ ఒక ఓటుంటే నీకు మూడున్నాయా?" అని తీతు ఎగతాళి చేసేవాడు.

"ఓట్లు ఎందుకురా, కాళ్ళు మూడుంటే బావుండేది. నడవలేక చస్తున్నాను" అనేది లూదియమ్మ.

నవ్వుతూ అనేది గానీ, ఇంటికెళ్ళాక ఏడ్చేది. పెద్దకోడలు రాహేలమ్మ, అంటే జెకర్యా భార్య, ఒకసారి చూసింది. "ఎందుకు పిన్నీ ఇంత బాధ? నీ సొంత పిల్లలా వాళ్ళు?" అని అడిగింది.

అప్పుడు లూదియమ్మ ఏమందో తెలుసా? "తనవాళ్ళంతా ఒకటిగా ఉండాలని ప్రభువు చనిపోబోయే ముందు ప్రార్థన చేశాడమ్మా. మనం అడిగినవన్నీ ఆయన తీర్చాలంటాం. ఆయన అడిగిన ఆ ఒక్కటీ మనం తీర్చొద్దా?" అంది. రాహేలమ్మ బట్టలు ఆరేసుకోవాలని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒక ఏడు, కోతల ముందు, గాలివాన వచ్చింది. సముద్రం పొలాల మీదికి వచ్చేసింది. కంకులు నీళ్ళలోనే మొలకెత్తాయి. నీళ్ళు తీశాక చూస్తే నేలంతా తెల్లగా ఉప్పు. కూలి లేదు, గింజ లేదు. మూడు బానల్లో ఉన్నదే ఊరికి బియ్యం.

అప్పుడు లూదియమ్మ కర్ర పట్టుకుని బయలుదేరింది. మొదట జెకర్యా దగ్గరికి వెళ్ళింది. "నాయనా, బానలు మూడూ ఒకచోట పోద్దాం. ఒక పొయ్యి పెట్టి అందరికీ గంజి కాద్దాం. ఎవరూ తప్పిపోరు" అంది.

"ముందు నువ్వు మా సంఘం మనిషివని ఒక్క మాట అను పిన్నీ. నీకు తవ్వెడు బియ్యం ఇప్పుడే కొలిపిస్తాను" అన్నాడు జెకర్యా.

"ఆ మాటంటే మిగతా ఇద్దరూ నన్ను గుమ్మం ఎక్కనిస్తారా? మూడు గుమ్మాలూ తొక్కేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ ఒక గూటికి చేరితే మీ మధ్య ఇంకెవరు తిరుగుతారు?" అని వచ్చేసింది.

ఆ తర్వాత ఆమోసు దగ్గరికి వెళ్ళింది. "కాలవలో ఒక్క మునక వెయ్యి పిన్నీ, అన్నీ నేను చూసుకుంటాను" అన్నాడు ఆమోసు. ఆ తర్వాత తీతు దగ్గరికి వెళ్ళింది. "మా అన్నలొచ్చి మా ఆవిణ్ణి క్షమాపణ అడగమను, అప్పుడు బానల సంగతి" అన్నాడు తీతు.

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ ముగ్గురూ చెడ్డవాళ్ళు కాదు. లూదియమ్మ పస్తులుంటోందని తెలిస్తే ఏ ఒక్కడూ ఊరుకోడు. కానీ రాతిగుడివాళ్ళు బియ్యం కొలుస్తూ, "పిన్నికి కాలవగట్టువాళ్ళు పోస్తార్లే, అక్కడికీ వెళ్తుందిగా" అనుకున్నారు. కాలవగట్టువాళ్ళు, "పెంకుల పాకవాళ్ళు చూసుకుంటార్లే" అనుకున్నారు. పెంకుల పాకవాళ్ళు, "రాతిగుడికి ఆవిడ పాత మనిషి, వాళ్ళు ఊరుకుంటారా" అనుకున్నారు. అందరి మనిషి అయింది కదా, ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆవిడ నోరు విప్పి అడగలేదా అంటావా, కెజియా? తనకోసం అడగలేదు. అందరికీ ఒక పొయ్యి అడిగింది, అంతే. తనకోసం కూడా అడగాల్సింది. ఆకలేస్తే అడగాలి. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున లూదియమ్మ రాతిగుడికి రాలేదు. కాలవగట్టుకి వెళ్ళిందేమో అనుకున్నారు. మధ్యాహ్నం అక్కడికీ రాలేదు. పాకలో ఉందేమో అనుకున్నారు. సాయంత్రం పాకకీ రాలేదు. వెళ్ళి చూద్దామని ఎవరికీ తోచలేదు, ఒక్క రాహేలమ్మకి తప్ప.

రాహేలమ్మ వెళ్ళి తలుపు తోసింది. లూదియమ్మ చాప మీద పడుకుని ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. పోయే ముందు జ్వరం తగిలినట్టుంది. ఏమీ తినని ఒంటికి చిన్న జ్వరమైనా పెద్దదే. పొయ్యిలో బూడిద కూడా చల్లగా ఉంది. బియ్యం డబ్బా ఊడ్చినట్టుంది.

తలాపున గుడ్డలో కట్టిన మూడు మూటలు ఉన్నాయి. విప్పి చూస్తే బియ్యం. ఉన్న కాసిని గింజల్లోంచీ పూటపూటా తీసి, ఆదివారానికి మూడు గుడులకీ మూడు మూటలు కట్టి పెట్టింది.

అవి వండుకోవచ్చు కదా అంటావు, అంతేనా నాతానూ? వండుకోవచ్చు నాన్నా. దేవుడు ఏమీ అనేవాడు కాదు, పైగా సంతోషించేవాడు. కానీ పక్కకి తీసింది తనది కాదనుకుంది ఆవిడ. ఏం చేస్తాం.

అప్పుడు ఊరంతా వచ్చింది. ఏడ్చారు. ఏడుస్తూనే మళ్ళీ మొదలుపెట్టారు. "పిన్ని మా గుడి మనిషి, మా సమాధుల తోటలోనే పెట్టాలి" అన్నాడు జెకర్యా. "ఆవిడ మా మందిరానికి రాని ఆదివారం ఉందా? మా అయ్యగారే ప్రార్థన చెయ్యాలి" అన్నాడు ఆమోసు. "చివరికి నా మందిరంలోనే కదా దీపం పెట్టేది, శవపెట్టె నేను చేయిస్తాను" అన్నాడు తీతు. బతికుండగా ఎవరికీ లెక్కలోకి రాని మనిషి, పోయాక ముగ్గురికీ కావలసొచ్చింది.

రాహేలమ్మ వెళ్ళి లూదియమ్మ పొయ్యి వెలిగించింది. మూడు మూటలూ ఒకే కుండలో గుమ్మరించి గంజి కాచింది. ఆ తర్వాత మూడు గిన్నెల్లో పోసి, మగణ్ణీ మరుదుల్నీ శవం పక్కనే కూర్చోబెట్టింది.

"తాగండి. పిన్ని మూడు గుడులకీ తీసిపెట్టిన బియ్యం ఇది. మీ మీ గుడి మెతుకులు ఏవో ఏరుకుని, అవే తినండి. పక్కవాడి మెతుకు ముట్టుకున్నారో, నా మీద ఒట్టే" అంది.

ముగ్గురూ గిన్నెల్లోకి చూశారు. ఏ మెతుకు ఎవరిదో ఎవడు చెప్పగలడు? తీతు గిన్నె కింద పెట్టేశాడు. అందరికంటే పెద్దవాడు జెకర్యా, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి ఏడ్చాడు. "వదినా, ఇంక చాలు" అన్నాడు ఆమోసు. "చాలన్న మాట పిన్నికి చెప్పు" అంది రాహేలమ్మ.

ఆ రోజు ముగ్గురు అన్నదమ్ములూ కలిసి పెట్టె మోశారు. నాలుగో మూల రాహేలమ్మ పట్టింది. మూడు గంటలూ కొట్టారు. కలిపి కొట్టే అలవాటు తప్పిపోయింది కదా, ఒకటి ముందు, ఒకటి వెనక, మోత ఎక్కడా కుదరలేదు. అయినా కొట్టారు.

ఆ తర్వాత అందరూ ఒకే గుడికి వెళ్ళారా అనేగా, కెజియా? లేదమ్మా. అబద్ధం చెప్పి నిన్ను నిద్రపుచ్చను. చిలకరించాలా ముంచాలా అన్నది ఇంకా తేలలేదు. గుడులు మూడూ అలాగే ఉన్నాయి. కానీ బానలు మూడూ పోయాయి. లూదియమ్మ ఇంట్లో ఒకటే బాన పెట్టారు. ఆదివారం సాయంత్రం మూడు గుడుల ఆడవాళ్ళూ అక్కడికే వచ్చి బియ్యం పోస్తారు. పోశాక మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ చేసిన ప్రార్థనే చేస్తారు. కొలిచేటప్పుడు ఏ గుడి అని అడగరు. ఇవాళ పొయ్యి వెలిగిందా అని అడుగుతారు.

ఆ ప్రార్థన ఇంకా తీరలేదు. వాళ్ళు ఇంకా మానలేదు. ఆ బాన ఒక పూట ముందు పెట్టుంటే ఆవిడ బతికేది. ఆ మాట మటుకు ఆ ఊళ్ళో ఎవరూ పైకి అనరు.

ఇప్పుడు చెప్పండి, కుండలో పిడికెడు ఎందుకు? ఆఁ, ఇప్పుడు పూర్తి మార్కులు.

గుళ్ళు మూడు, గంటలు మూడు,
బియ్యం మటుకు ఒకటే చూడు.
కంచి దారిన కథ పోయింది,
కంటి మీదికి కునుకొచ్చింది.

ఇంక కళ్ళు మూసుకోండి. రేపు ఆదివారం. కుండలో బియ్యం చేటలో పోసి, సగం ఏరి అలాగే వదిలేసి వచ్చాను మీకోసం. ఎవరి ఇంట ఉడుకుతాయో ఏమో, రాయి తగలకూడదు కదా. ఆ దీపం ఇలా ఇవ్వు నాన్నా, వెళ్ళి మిగతా సగం ఏరుతాను.