ఉయ్యాలెక్కిన రంపం

వేగులకోట రాజావారికి రాజ్యం పోయి చాలా ఏళ్ళయింది గాని, దర్బారు పోలేదు. రోజూ పొద్దున్నే తలపాగా చుట్టుకుని కొలువు తీరేవారు. తీర్పు చెప్పడానికి తగవులేవీ రాకపోతే తామే ఒకటి పుట్టించేవారు.

ఆ ఏడు గాలివాన కోట వెనక తోటను పడుకోబెట్టేసింది. వేప, టేకు, నేరేడు, అన్నీ బాటకి అడ్డంగా కూలాయి. దాంతో రాజావారికి మోటారు రంపం మీద మనసయింది. మనసయిందంటే ఇక వెంటనే కావాలి.

దర్బారులో కబుర్లు చెప్పే కూర్మయ్య పాత ఇనప సామాన్ల సంతకి వెళ్ళి, ఎవరో విసుగెత్తి అమ్మేసిన రంపం ఒకటి పట్టుకొచ్చాడు. వసారాలో గోనె పరిచి దాన్ని ముక్కముక్కలుగా విప్పాడు. కార్బురేటరు కడిగాడు, పిస్టన్ రింగు మార్చాడు, లాగే తాడు తెగిపోతే కొత్తది చుట్టాడు. చైను తిరిగే పట్టా పొట్టిగా ఉందని పొడుగుది వేయించి, దానికి తగ్గ కొత్త చైను ఎక్కించాడు. రంగు జోలికి మాత్రం పోలేదు. ఆ గీతలూ సొట్టలూ అలాగే ఉంచేశాడు. ఒక్క లాగుకి అది గుర్రుమన్నప్పుడు అతని సంబరం ఇంతా అంతా కాదు.

దివాను జగ్గారాయుడికి ఇది మింగుడు పడలేదు. ఎవరో వాడి పారేసిన సరుకు కోటలోకా అని ముక్కు విరిచాడు. కొత్తదానికని ఖజానాలో సొమ్ము పుచ్చుకుని పట్నం వెళ్ళి, ఎర్రగా తళతళలాడే రంపాన్ని పట్టుగుడ్డ కప్పి మోయించుకొచ్చాడు.

రాజావారికి తగవు దొరికింది. రెండింట్లో తాము మెచ్చినదే కోటలో ఉంటుందన్నారు. అక్కడితో ఊరుకున్నారా?

"ఓడినవాడు ఏడాది పాటు దర్బారులో నోరు మెదపకూడదు."

దివానుకి పోయేదేముంది, సంతకాలు పెట్టడానికి నోటితో పనిలేదు. కూర్మయ్యకి నోరే మాన్యం. అది మూతపడితే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

రాజావారి చూపు అప్పటికే ఎర్రరంగు మీద అతుక్కుపోయింది. కూర్మయ్య ఒక్కసారి చూసిస్తానని ఆ రంపాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. ముక్కుకి ముందు కొత్త రంగు వాసన తగిలింది, వెనకాలే కాలిన నూనె వాసన. గాలి ఆడే సందులోంచి లోపలికి తొంగిచూశాడు. మూత లోపలంతా ఎండిన రంపప్పొట్టు కూరుకుని ఉంది. రంగు వేసినవాడి కుంచె అంతదూరం వెళ్ళినట్టు లేదు.

ఆ మాట అప్పుడే అనేయొచ్చు. అంటే దివాను ఏమంటాడు? దుకాణం వాడు మోసం చేశాడు, నాకేం తెలుసంటాడు. అందుకని కూర్మయ్య నోరు కట్టేసుకున్నాడు. అతనికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

వేగులకోటలో ఒక ఆచారం ఉంది. కత్తి గాని, కొడవలి గాని, కొత్త ఆయుధం ఏదొచ్చినా పసిబిడ్డకి చేసినట్టే ఉయ్యాల్లో వేసి, కోటమ్మ తల్లి పటం ముందు ఊపి పేరు పెడతారు. తెచ్చినవాడే ఊపాలి. కూర్మయ్య చేతులు కట్టుకుని, తన రంపాన్ని కూడా ఉయ్యాల ఎక్కించమని బతిమాలాడు. దివాను ఎగిరిపడ్డాడు.

"ఉయ్యాల పసిబిడ్డకయ్యా, నీ ముసలిదానికి కాదు. చెక్క రుచి ఎరగనిదే ఉయ్యాలెక్కాలి."

"తమరిది ఎరగదా, దివానుగారూ?"

"పెట్టె సీలు నా చేత్తో నేనే విప్పాను. ఇంకో మనిషి చెయ్యి దానిమీద పడలేదు."

ఇంకేం కావాలి? కూర్మయ్య తలొంచి ఒప్పేసుకున్నాడు. తనే పరిగెత్తి అటక మీది ఉయ్యాల దింపించి, తెల్లటి మల్లుగుడ్డ పరిపించాడు. అంతఃపురం ఆడవాళ్ళు వచ్చి రంపానికి పసుపూ బొట్టూ పెట్టి, నవ్వాపుకుంటూ లాలిపాట అందుకున్నారు. దివాను కండువా సర్దుకుని ఉయ్యాల గొలుసు పట్టుకున్నాడు.

మొదట్లో ఊపు మెల్లగానే సాగింది. బిడ్డకి నిద్ర పట్టడం లేదు, తండ్రి చేతుల్లో సత్తువ తగ్గిందేమోనని కూర్మయ్య ఆడవాళ్ళతో అన్నాడు. వాళ్ళు కిసుక్కుమన్నారు. రాయుడికి పౌరుషం వచ్చి, ఉయ్యాల దూలాన్ని తాకేలా ఊపిపారేశాడు.

ఊపు ఆగాక, పేరు పెట్టడానికని కూర్మయ్య రంపాన్ని పైకెత్తాడు.

తెల్లగుడ్డ మీద చారెడు పొట్టు పడి ఉంది. పాడుతున్నవాళ్ళ గొంతులు ఆగిపోయాయి. రాజావారు సింహాసనం దిగి వచ్చి, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"ఏమిటయ్యా కూర్మయ్యా ఇది?"

"అదే నాకూ అంతు చిక్కడం లేదు ప్రభూ. నిన్న పుట్టిన బిడ్డకి పళ్ళసందుల్లో చెరుకుపిప్పి."

దర్బారు గొల్లుమంది. రాజావారు తలపాగా జారిపోయేదాకా నవ్వారు. నవ్వు ఆపుకుంటూనే తీర్పు చెప్పారు: పుచ్చుకున్న సొమ్ము ఖజానాకి, దివాను నోటికి ఏడాది సెలవు. ముసలి రంపాన్ని తోటకి పంపించి, ఏం కావాలో కోరుకోమని కూర్మయ్యతో అన్నారు.

కూర్మయ్య చేతిలోని ఎర్ర రంపాన్ని కిందపెట్టలేదు. దాన్ని చూస్తే అతనికి నిజంగానే జాలేసింది.

"దీన్ని ఇప్పించండి ప్రభూ. తప్పు దీనిది కాదు, రంగుది. గోకి, కడిగి, రింగు మారిస్తే దీనికీ ప్రాణం వస్తుంది."

"పట్టుకుపో," అన్నారు రాజావారు, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ ఉయ్యాల కూడా పట్టుకుపో. నీ ఇంట్లో ఇలాంటి పిల్లలు ఇంకా పుట్టేట్టున్నారు."