శాస్త్రిగారి నాలుగు ఫిర్యాదులు

కుదురుగా కూర్చోలేనివాడు రాజ్యం ఏలలేడని నెమలికోట రాజు మల్లభూపతికి ఒకరోజు ఉన్నట్టుండి తోచింది. ఆ మాట చెప్పేలోపు ఆయనే సింహాసనం మీద నాలుగుసార్లు అటూ ఇటూ కదిలాడనుకోండి, అది వేరే సంగతి.

తోచేలా చేసింది గురువు విరూపాక్షశాస్త్రి. యువరాజు రంగప్పకు పదేళ్లు. పాఠానికి కూర్చుంటే కాలు ఆడుతుంది, చూపు కిటికీ దాటుతుంది, విన్నది సగంలోనే జారిపోతుందని శాస్త్రి గోల. శాస్త్రికి రాజుగారి అన్నకొడుకంటే ముద్దు. ఆ పిల్లాడు కూర్చోమంటే కూర్చుంటాడు. మళ్లీ లేవమని ఎవరైనా చెప్పాలి.

"నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నాను ప్రభూ. రంగప్ప బాగుపడడు. యువరాజ పట్టం మీ అన్నగారి అబ్బాయికి రాసేయండి," అన్నాడు శాస్త్రి.

రాజు ఘంటం అందుకున్నాడు. వెనక వింజామర వీస్తున్న దాసి పేరమ్మ వీయడం ఆపింది. రాజుకు చెమట పట్టింది.

"ఏమే, ఆపావేం?"

"ఏం లేదు దొరా. శాస్త్రిగారు ఏటా ఒక ఫిర్యాదు రాసిచ్చారు కదా. ఆ నాలుగు తాటాకులూ వరసగా ఆయన నోటే వినాలనుంది. రాత అంత బాగుంటుంది మరి."

శాస్త్రికి తన రాతంటే ఇంట్లో ఆవిడకంటే ప్రాణం. ఆకులు తెప్పించి, గొంతు సవరించుకున్నాడు.

"మొదటి ఏడు. ఒక్క శ్లోకం ముగియకముందే పారిపోయాడు. ఇతను బాగుపడడు."

"రెండో ఏడు. నాలుగు శ్లోకాలు విని, పిల్లి వెంట పోయాడు. ఇతను బాగుపడడు."

"మూడో ఏడు. పది శ్లోకాలు విన్నాడు. లేవబోయి, తనంతట తానే మళ్లీ కూర్చున్నాడు. అయినా కాలు ఆడించాడు. ఇతను బాగుపడడు."

సభలో ఎవరో దగ్గారు. శాస్త్రి మంచి ఊపులో ఉన్నాడు, వినపడలేదు.

"ఈ ఏడు. ఇరవై శ్లోకాలు తప్పు లేకుండా అప్పజెప్పాడు. అయితే స్తంభం చుట్టూ తిరుగుతూ అప్పజెప్పాడు. ఇతను..."

అక్కడ శాస్త్రికి తను చదువుతున్నదేమిటో వినపడింది.

"మీ అన్నగారి అబ్బాయి ఏడేళ్లకే ముప్పై శ్లోకాలు కూర్చుని విన్నాడు," అని నసిగాడు.

"విన్నాడు బాబూ. మా రంగప్ప వెనకబడే ఉన్నాడు, కాదనను," అంది పేరమ్మ.

ఆమే మళ్లీ అందుకుంది. "కానీ ఏడాదికో మెట్టు ఎక్కుతున్నాడు. నాలుగేళ్లుగా ఉన్నచోటే ఉన్నది మీ చివరి వాక్యం ఒక్కటే."

రాజు పకపకా నవ్వాడు. రాజు నవ్వాడు కాబట్టి సభంతా నవ్వింది. ఏమీ అర్థంకాని సేనాపతి అందరికంటే గట్టిగా నవ్వాడు.

రంగప్ప పట్టం నిలిచింది. రాజుగారి చేతి కంకణం పేరమ్మ చేతికెక్కింది. ఇకమీదట పాఠం తోటలో, నడుస్తూ చెప్పాలని ఆజ్ఞ అయింది. పొట్ట సవరించుకుంటూ శాస్త్రి కూడా నడవాల్సిందే.