దాలయ్య తలుపు

అనగనగనగా సముద్రం ఒడ్డున ఒక పట్నం ఉండేదట. ఎప్పుడంటారా? నాకూ తెలీదు, నాకు చెప్పినవాళ్లకీ తెలీదు. తెర మీద బొమ్మ ఆడే కాలం, అంతే.

ఆ పట్నంలో ఒక సినిమా హాలు. ఆ హాలుకి గేటుమనిషి దాలయ్య. టికెట్టు చించడం, టార్చి వేసి సీటు చూపించడం, ఎవరైనా నోరెత్తితే "ష్! మాట్లాడకండి" అనడం. ఈ మూడే ఆయన పని.

హాలు యజమాని జోగారావుగారికి ఒకసారి ముచ్చట పుట్టింది, ఆసియా దేశాల బొమ్మలన్నీ తెచ్చి పండగ చేద్దామని.

"మూడు రోజులు చూస్తాన్రా దాలయ్యా. జనం కూర్చుంటే ఏటేటా పండగే. కూర్చోకపోతే ఈ హాలు గోనెసంచుల గోడౌనుకి ఇచ్చేస్తాను."

దాలయ్యకి దిగులు పట్టుకుంది. గోనెసంచులకి సీటు చూపించేవాడితో పనేముంది?

మొదటి రోజు తెర మీద ఒక ముసలాయన టీ తాగాడు. తాగుతూనే ఉన్నాడు. జనం గొణుక్కుంటూ లేచారు. "ష్! మాట్లాడకండి" అన్నాడు దాలయ్య. మాట్లాడకుండానే వెళ్లిపోయారు.

రెండో రోజు ఒకావిడ గాడిదని తోలుకుంటూ కొండెక్కింది. ఎక్కుతూనే ఉంది. "ష్! మాట్లాడకండి." మాట్లాడకుండానే వెళ్లిపోయారు.

మూడో రోజు తెర నిండా మంచు. ఆ మంచులో ఒకడు ఇంటి తలుపుని వీపు మీద మోసుకుపోతున్నాడు. పోతూనే ఉన్నాడు. వాడి భాష ఎవరికీ తెలీదు. జనం లేవబోతున్నారు.

దాలయ్యకి బుర్ర తిరిగిపోయింది. ఇల్లు లేదు, గోడ లేదు, ఈ తలుపేమిటి? ఇక నోరు ఊరుకోలేదు.

"ఓరి నాయనా! ఇల్లేదిరా నీకు? తలుపెందుకురా మోస్తన్నావు?" అని తెర మీదవాడినే గట్టిగా అడిగేశాడు.

లేచినవాళ్లు లేచినట్టే ఆగారు. నోరు మూయించేవాడే నోరు తెరిచాడు!

బెంచీ క్లాసులోంచి చేపలమ్మే నూకాలు అంది, "కూతురికి ఇల్లు కడతన్నాడేమో మావా."

"కాదెహె! ఇల్లు కూలిపోయుంటాది. మిగిలిందదే" అన్నాడు వెనకనించి ఒకడు.

"దొంగోడేమో!"

"తలుపెవడు దొంగిలిస్తాడ్రా? తలుపు తీసి లోపలివి ఎత్తుకుపోతాడు గానీ!"

లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. చివరికి వాడు తలుపుని మంచులో నిలబెట్టాడు, తెరిచాడు, అటువైపు వెళ్లి వేసేసుకున్నాడు. బొమ్మ అయిపోయింది!

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకే వీధి చివరిదాకా పోట్లాడుకుంటూ పోయారు.

దాలయ్య తలొంచుకుని టార్చి తెచ్చి యజమాని చేతిలో పెట్టాడు. "తప్పయిపోయింది బాబూ. ఈసారి నానే మాటాడేశాను."

జోగారావుగారు ఆ టార్చిని అటూ ఇటూ తిప్పి, మళ్లీ దాలయ్యకే ఇచ్చేశారు. "అది సరే గానీ, ఆ తలుపెందుకంటావురా? రేపు మళ్లీ వేస్తాను. చూద్దాం."

మర్నాడు జనం తోసుకుంటూ వచ్చారు. పండగ నిలిచిపోయింది. ఏటేటా ఆ బొమ్మ ఆడింది, ఏటేటా దాలయ్య చూశాడు. ముసలివాడై మంచాన పడ్డాక పెళ్లాం ఎర్నమ్మ "ఏటన్నా కావాలా?" అని అడిగిందట. "ఆ తలుపెందుకో తెలిస్తే బాగుణ్ణు" అన్నాడట. అదే ఆఖరి మాట.

ఇప్పటికీ ఆ పట్నంలో ఆసియా సినిమాల పండగొస్తే, హాలు ముందు గోడ లేని తలుపొకటి నిలబెడతారు. అటూ ఇటూ అంతా ఖాళీయే. అయినా చిన్నా పెద్దా ఆ తలుపు తెరుచుకునే లోపలికి వెళ్తారు. దీపాలారగానే వెనక వరసలోంచి ఎవరో ఒకరు అడుగుతారు, "తలుపెందుకురా మోస్తన్నావు?"

హాలంతా ఒక్క గొంతుతో అంటుంది, "తెలీదు మావా. చూద్దాం!"