గడ్డిమోపులో తూటా

కళ్లు మూసుకుంటే చాలు, బుర్హాన్‌కి ఎర్రచుక్క కనిపిస్తోంది. నాలుగు రోజులుగా ఇదే వరస.

దైవస్మరణకి, జిక్ర్‌లో కూర్చుంటాడు. పెదవుల మీద ఆ మాలిక్ నామం నడుస్తూనే ఉంటుంది. రెప్పల లోపల మాత్రం దానిమ్మగింజంత చుక్క, కదలదు, ఆరదు.

ఆ చుక్క ఎక్కడిదో చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి. బుర్హాన్ లైసెన్సున్న వేటగాడు. అడవిపందులు మక్కచేలు తొక్కేస్తుంటే ఊళ్లవాళ్లు అనుమతి కాగితం తెచ్చుకుని మరీ అతన్ని పిలుస్తారు. తినేది లేదు, అమ్మేది లేదు, పంట నిలిస్తే చాలనుకునే మనిషి. మక్కచేలో దూరపు గురి ఉండదు. పంది బయటపడేదే ఇరవై ముప్పై గజాల్లో. అందుకని ఈ మధ్యే రైఫిల్ మీద రెడ్ డాట్ బిగించుకున్నాడు. చిన్న అద్దం, అందులో ఎర్రచుక్క. చుక్క ఎక్కడుంటే తూటా అక్కడికి. పక్కనున్న మర తిప్పేకొద్దీ చుక్క వెలుగు పెరుగుతుంది. మునిమాపు వేళ కదా, ఎంత వెలిగితే అంత మంచిదని దాన్ని చివరికంటా తిప్పి పెట్టుకున్నాడు.

లచ్చవ్వ చేలో పొద్దు గూకుతుండగా నల్లటి వీపొకటి కదిలింది. చుక్క పెట్టాడు. కాల్చాడు.

పంది అరవలేదు. లచ్చవ్వ అరిచింది.

అతను పంది వీపనుకున్నది ఆమె ఎత్తుకోబోతున్న గడ్డిమోపు. తూటా అందులో దిగింది. ఒక్క జానెడు ఇవతలికి వస్తే ఆమె వీపే. బుర్హాన్ పరుగెత్తుకెళ్లేసరికి ఆమె మోపు పక్కన చతికిలబడి ఉంది.

"ఏమయ్యా సాయబూ, నెత్తికెత్తుకున్నంక కాల్చకపోతివా? మోసుకపోయే బాధన్న తప్పేది" అంది. నవ్వుతూనే అంది.

అప్పట్నుంచి రైఫిల్ ముట్టలేదు. పందులు మాత్రం రావడం మానలేదు. లచ్చవ్వకి మిగిలింది సగం చేనే.

ఐదోనాడు రైఫిల్‌ని దుప్పట్లో చుట్టుకుని గుట్టెక్కాడు. పైన దర్గా ఉంది. ఎండాకాలం కూడా గొంగడి దించని అతని గురువుగారు ఉంటారక్కడ. ఊరంతా గొంగడి బాబా అంటుంది, బుర్హాన్ హజ్రత్ అంటాడు. మూట తీసుకెళ్లి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇక నాకొద్దు హజ్రత్. మీరే ఉంచుకోండి."

"నేనేం చేసుకోను? గొంగడి ఆరేసుకోవడానిక్కూడా పొడవు చాలదు."

బుర్హాన్ నవ్వలేకపోయాడు. "చుక్క సరిగ్గా దాని మీదే ఉంది. వెంట్రుకవాసి జరగలేదు. మరి తప్పెక్కడుంది? అది తెలియకుండా మళ్లీ ఏ చేలో కూర్చోను?"

చీకటి పడుతోంది. హజ్రత్ లాంతరు తెచ్చి, వెలిగించి, వత్తి పైకంటా ఎక్కించాడు. గాజు లోపల మంట నాలుక చాచింది. దాన్ని శిష్యుడి చేతికిచ్చాడు.

"కళ్లకెదురుగా పట్టుకో. గుమ్మంలో ఎవరున్నారో చెప్పు."

బుర్హాన్ చూశాడు. మంట. మంట చుట్టూ బంగారు పొగ. ఆ వెనక నల్లటి చీకటి.

"ఎవరూ లేరు హజ్రత్."

"సరిగ్గా పట్టావా?"

"గుమ్మానికి సూటిగా పట్టాను. ఎవరూ లేరు."

హజ్రత్ చెయ్యి చాపి వత్తిని మెల్లగా దించాడు. మంట వడ్లగింజంత అయింది. అప్పుడు గుమ్మం కనిపించింది. గుమ్మంలో కాళ్లు, కాళ్లకి అంటిన చేనుమట్టి, ఆపైన చేతిలో దర్గాకి తెచ్చిన చక్కెర పొట్లంతో లచ్చవ్వ.

"వచ్చి ఎంతసేపైందవ్వా?" అడిగాడు బుర్హాన్.

"నువ్వు దీపమెత్తినప్పటి సంది ఈడనే ఉన్న. నన్నే చూస్తున్నవనుకున్న" అంది లచ్చవ్వ. "రేపన్న వస్తవా, సాయబూ? మిగిలిన సగం గూడ పోతది."

హజ్రత్ వంగి, దుప్పటి మూట తీసి శిష్యుడి ఒళ్లో పెట్టాడు.

మర్నాడు పొద్దు వాలేముందే బుర్హాన్ ఆమెను తన వెనక, గట్టు మీది మంచె ఎక్కించి కూర్చోబెట్టాడు. చేలోకి మళ్లీ దిగనని మాట తీసుకున్నాడు. మరను వెనక్కి తిప్పాడు. తిప్పాడు, ఇంకా తిప్పాడు. చుక్క తెల్లవారుజాము నక్షత్రమంత పలచనైంది. రెండు కళ్లూ తెరిచి అద్దంలోకి చూస్తే, చుక్క వెనక చేను ఉంది. మక్కపీచు మీద ఆఖరి ఎండ ఉంది. ఆకు నుంచి ఆకుకి సాలీడు కట్టిన దారం ఊగుతోంది. ఇన్నాళ్లూ ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా అనిపించింది.

నల్లటి వీపు కదిలింది. అతని వేలు కదల్లేదు. బురద చూశాడు. నిక్కిన వెంట్రుకలు చూశాడు, కోర చూశాడు. దాని వెనక చేను అవతలి ఎత్తు గట్టు, ఆ గట్టు మీద ఎవరూ లేకపోవడం చూశాడు. అప్పుడు కాల్చాడు.

ఒక్కటే తూటా.

నియమం ప్రకారం పందిని పాతిపెట్టించి, స్నానం చేసి గుట్టెక్కాడు. జిక్ర్ ముగిసింది. ఈసారి రెప్పల లోపల ఎర్రచుక్క లేదు. కళ్లు తెరిచాడు.

"ఇవాళ ఏం కనిపించింది, బేటా?" అడిగాడు హజ్రత్.

బుర్హాన్ చెయ్యి చాపి, లాంతరు వత్తిని ఇంకొంచెం దించాడు.