ఖాళీ ఆకు మీద కాలిముద్ర

హాసినీ, నందూ, ఇలా వచ్చి కూర్చోండి. ఈ చింతపండులో గింజలు తీస్తూ మాట్లాడుకుందాం. ముందు ఒక ప్రశ్న. తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. ఎవరైనా మీకు తెల్లకాగితం ఇచ్చి, "కింద నీ పేరు రాసెయ్యి, పైన ఏం రాయాలో మేం తర్వాత చూసుకుంటాం" అంటే రాస్తారా?

హాసిని రాయనంటోంది. నందు రాస్తాడట. ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళయితే రాస్తాడట. సరే నాన్నా, నీ జవాబు నీ దగ్గరే ఉంచుకో. కథయ్యాక మళ్ళీ అడుగుతాను.

అనగనగా ఒక అడవిలో, రెండు వాగులు కలిసేచోట మెట్ట మీద, ఒక కళాశాల ఉండేది. అది ఒకరి సొత్తు కాదు. అడవంతా తలో రాయీ మోసి కట్టుకున్నది. జింకపిల్ల వచ్చినా, ముళ్ళపొదలో పుట్టిన ముంగిసపిల్ల వచ్చినా, "నీ అయ్య ఎవరు?" అని అడక్కుండా చేర్చుకునేవారు.

అక్కడ ఏడుగురు పాఠాలు చెప్పేవారు. మన కథకి ముగ్గురు చాలు. ఎలుగుబంటి మాస్టారు తేనె పాఠం చెప్పేది. ఏ కొమ్మ బరువు ఆపుతుంది, ఏ తేనెటీగతో పెట్టుకోకూడదు, అదీ పాఠం. కొంగ మాస్టారు చేపల పాఠం చెప్పేది. ఇక ఏదుపంది టీచరమ్మ. ఒంటినిండా ముళ్ళు, కళ్ళనిండా ఓపిక. ఆవిడ ఊట పాఠం చెప్పేది. ఎండాకాలంలో వాగు ఎండిపోతే ఇసక ఎక్కడ తవ్వాలి, ఏ చెట్టు వేరు నీటివైపు వంగుతుంది, నేల తడిని ముక్కుతో ఎలా కనిపెట్టాలి, ఇవన్నీ నేర్పేది.

ఊట పాఠానికి ఆ ఏడు ముగ్గురే పిల్లలు వచ్చారు. ఒక తాబేలు పిల్ల, ఒక ముంగిస పిల్ల, ఒక కుంటి జింకపిల్ల. ఎందుకో చెప్పనా? కాళ్ళు బాగున్నవాళ్ళు వాగు ఎండితే పెద్దచెరువు దాకా పరిగెత్తుతారు. అంత దూరం నడవలేనివాళ్ళకి ఉన్నచోటే నీళ్ళు దొరకాలి. ఆ పాఠం వాళ్ళకి పాఠం కాదమ్మా, ప్రాణం.

ఆ కళాశాలకి ప్రిన్సిపాలు నెమలి. ఫాల్గుణంలో సింహం రాజుగారు కళాశాల చూడ్డానికి వస్తారని కబురొచ్చింది. అప్పటినుంచీ నెమలికి నిద్ర లేదు. "ఊరేగింపు పాఠం పెట్టాలి. పిల్లలంతా వరసగా, వయ్యారంగా నడవాలి. రాజుగారు మెచ్చుకోవాలి" అని ఒకటే ఆరాటం. మరి ఊరేగింపు పాఠానికి వేళ ఎక్కణ్ణుంచి తేవాలి? ఏదో ఒక పాఠం తీసెయ్యాలి.

ఇక్కడ శ్రద్ధగా వినండి. కళాశాల కట్టినప్పుడు పెద్దలు ఒక నియమం పెట్టారు. కొత్త పాఠం పెట్టాలన్నా, ఉన్న పాఠం తీసెయ్యాలన్నా, పాఠాలు చెప్పేవాళ్ళందరి కాలిముద్రలూ ఒకే టేకాకు మీద పడాలి. ఒక్క ముద్ర తగ్గినా ఆ మాట చెల్లదు.

నియమం మంచిదే. పక్కనే ఒక చెడ్డ అలవాటు పెరిగింది. సభ జరిగే రోజు ముందుగా ఇప్పపూలు పంచేవారు. తిన్నాక కాళ్ళు జిగురౌతాయి కదా, ముద్ర సరిగా పడదు. అందుకని సభ మొదలవ్వకముందే ఉడుత గుమాస్తా ఎర్రమట్టి చిప్ప, ఖాళీ టేకాకు పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగేది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆకు కిందివైపు ముద్ర వేసి, పూలు తీసుకుని కూర్చునేవారు. సభలో ఏమనుకున్నారో అది పైన ఉడుత తర్వాత గోటితో రాసేది. "మనలో మనకి అనుమానాలేమిటి?" అనుకునేవారు అందరూ. ఏదుపంది కూడా అలాగే అనుకుంది.

ఒకరోజు సభ జరిగింది. అందరూ ముద్రలు వేశారు. పూలు తిన్నారు. కప్పు మీద ఆకులు ఎగిరిపోయాయని, కోతులు పలకలు ఎత్తుకుపోతున్నాయని మాట్లాడుకుని లేచారు.

మర్నాడు పొద్దున్న కళాశాల ముందు మద్దిచెట్టుకి ఒక టేకాకు వేలాడుతోంది. దాని మీద ఇలా ఉంది:

"ఊట పాఠం రద్దు. ఆ వేళలో ఊరేగింపు పాఠం. ఇందుకు అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు."

కింద ఏడు ముద్రలు. నాలుగోది ఏదుపందిదే.

ఏదుపంది తిన్నగా నెమలి దగ్గరికి వెళ్ళింది. "అయ్యా, ఊట పాఠం మాట నిన్న సభలో ఎప్పుడొచ్చింది?"

నెమలి ఈకలు దువ్వుకుంటూ, "ముద్ర మీదేనా, కాదా?" అంది.

"నాదే."

"మరింకేం టీచరమ్మా! ముగ్గురు పిల్లల కోసం ఒక పాఠమా? అందులోనూ ఊరేగింపులో నడవలేని ముగ్గురు. రాజుగారి కంట పడకుండా వెనక కూర్చోబెట్టండి వాళ్ళని."

ఏదుపందికి ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. కానీ ఏం చేస్తుంది? ముద్ర నిజంగా ఆవిడదే.

ఆవిడ పిల్లల దగ్గరికి వెళ్ళింది. తాబేలు పిల్ల అప్పటికే ఆకు చూసింది. "టీచర్, మీరు కూడా ఒప్పుకున్నారా?" అని అడిగింది.

"ఒప్పుకోలేదమ్మా. చదవకుండా ముద్ర వేశాను. తప్పు నాదే" అంది ఏదుపంది. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడానికి చాలా ధైర్యం కావాలి. నలభై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలుసు.

"ఇప్పుడేం చేస్తాం టీచర్?"

"రద్దయింది పాఠం. ఊట రద్దవలేదు కదా! పదండి వాగులోకి" అంది.

ఆ రోజునుంచి ఊరేగింపు వాళ్ళు మెట్ట మీద నడక నేర్చుకుంటుంటే, ఈ నలుగురూ కింద వాగు ఇసకలో తవ్వుకుంటూ చదువుకున్నారు.

మళ్ళీ సభ రోజు వచ్చింది. ఉడుత గుమాస్తా మట్టిచిప్ప తీసుకొచ్చింది. ఎలుగుబంటి ముద్ర వేసింది. కొంగ వేసింది. ఇంకో నలుగురు వేశారు. చిప్ప ఏదుపంది ముందుకొచ్చింది. ఆవిడ కాలు కదపలేదు.

"పైన ఏముందో చదువు ఉడుతా" అంది.

"ఇంకా ఏమీ రాయలేదండీ."

"అయితే రాశాక తీసుకురా."

సభంతా గుసగుసలు. ముందుగా ఎలుగుబంటి పక్కకి జరిగి, "ఊరుకోండి టీచరమ్మా. ఒక్క ముద్రకి ఇంత గొడవ ఎందుకు? వేసేసి పూలు తినండి, ఇవాళ మంచి తీపిగా ఉన్నాయి" అంది.

"మీరు తినండి మాస్టారూ. నేను చదివాకే వేస్తాను."

కొంగ ఒంటికాలి మీద నిలబడి నవ్వింది. "ముళ్ళున్నవాళ్ళకి అందరి మీదా అనుమానమే. ఇన్నేళ్ళు వేసిన కాలేగా? ఇవాళ కొత్తగా దేవుడి కాలైందా?"

"ఇన్నేళ్ళూ వేసింది బుద్ధిలేక మాస్టారూ. ఇవాళ బుద్ధొచ్చింది. చదివాకే వేస్తాను."

మూడోసారి నెమలే లేచింది. పింఛం విప్పింది. "టీచరమ్మా! మీ బొరియ కళాశాల స్థలంలో ఉంది. ఆ సంగతి గుర్తుందా?"

చిప్ప పట్టుకున్న ఉడుత ఒక అడుగు వెనక్కి వేసింది.

"గుర్తుంది" అంది ఏదుపంది. "సాయంత్రానికి ఖాళీ చేస్తాను. నేను ఏదుపందినండీ. తవ్వుకోవడం నాకొచ్చు. ఖాళీ ఆకు మీద ముద్ర మాత్రం వెయ్యను."

అప్పుడు ఆవిడ ఉడుత వైపు తిరిగింది. మందలించలేదు. తరగతిలో పిల్లని అడిగినట్టు అడిగింది. "భయపడకు నాయనా. ఇవాళ్టి ఆకు మీద ఏం రాయమన్నారు నీకు?"

ఉడుత చిప్ప కింద పెట్టింది. నెమలిని చూసింది. ఏదుపందిని చూసింది. "తేనె పాఠం రద్దు అని రాయమన్నారండీ. చెట్లెక్కితే పిల్లల బొచ్చుకి మట్టీ బంకా అంటుకుని ఊరేగింపు పాడవుతుందట" అంది.

ఎలుగుబంటి నోట్లో పువ్వు నోట్లోనే ఉండిపోయింది. "నా పాఠమా! అదీ నా ముద్రతోనా?"

"మీ ముద్రతోనే మాస్టారూ" అంది ఏదుపంది. "కింద ఉన్నది మీరే. పోయిన నెల నేనున్నట్టు."

కొంగ మెల్లగా రెండో కాలు కింద పెట్టింది. "ఉడుతా... ఆ తర్వాతి ఆకు?"

"అది కూడా చెప్పి ఉంచారండీ. చేపల పాఠం. రాజుగారు వచ్చిన రోజు నీచు వాసన రాకూడదట."

కొంగ మెడ నెమలి వైపు బారెడు సాగింది. "నీచు వాసనా! ఊరేగింపులో ముందు నడిచేది నువ్వే కొంగా అన్నావు కదయ్యా నాతో!"

"ముందు నడుద్దువుగాని, చేపలు లేకుండా నడువు" అని ఎవరో వెనకనుంచి అన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఎలుగుబంటి లేచింది. వాగు నీళ్ళలో అరికాలు ముంచుకొచ్చి, ఆకు మీద తన ముద్రని తుడిచేసింది. కొంగ తుడిచేసింది. మిగతా నలుగురూ ఒకరి తర్వాత ఒకరు తుడిచేశారు. ఎర్రనీళ్ళు కారి ఆకు మళ్ళీ పచ్చగా ఖాళీగా మిగిలింది.

"ఏమిటీ తిరుగుబాటు?" అని అరిచింది నెమలి. "ప్రిన్సిపాలు మాటకి విలువ లేదా?"

"మాటకి విలువుంది సార్. అందుకే సభలో అందరూ వినేట్టు చెప్పమంటున్నాం" అంది ఏదుపంది. "నియమంలో పాఠాలు చెప్పేవాళ్ళ ముద్రలు అని ఉంది. మీరు పాఠం చెప్పి ఎన్నాళ్ళయింది?"

నెమలి పింఛం ముడుచుకుంది.

ఆ రోజు సభ పొద్దు వాలేదాకా సాగింది. ఊట పాఠం మీద గట్టిగా వాదించుకున్నారు. ముగ్గురే పిల్లలన్న మాట నెమలి ఈసారి అందరి ముందూ అంది. ఎలుగుబంటి బుర్ర గోక్కుంటూ, "ముగ్గురే, నిజమే. అందులో ఎవరు పెద్దచెరువు దాకా నడవగలరో చెప్పండి" అంది. ఒకరి తర్వాత ఒకరు, పాఠం ఉండాలన్నారు. అప్పుడు ఉడుత రాసింది: "పాత ఆకు చెల్లదు. ఊట పాఠం ఉంటుంది." గొంతెత్తి రెండుసార్లు చదివింది. ఆ తర్వాతే మట్టిచిప్ప తిరిగింది. ఏడు ముద్రలు పడ్డాయి.

"మరి ఊరేగింపు?" అంది నెమలి నీరసంగా.

"దాని మీద నాకు పగేం లేదు. సాయంత్రం ఎవరి పాఠమూ లేని వేళ పెట్టండి. రాసి చదవండి, మొదటి ముద్ర నేనే వేస్తాను" అంది ఏదుపంది. అన్నట్టే వేసింది.

బొరియ సంగతా హాసినీ? పోయింది. స్థలం మీద పెత్తనం నెమలిదే కదా, మాట పంతానికి తీసేసుకుంది. ఏదుపంది వాగు అవతల రాతినేలలో కొత్తది తవ్వుకుంది. ఒక గోరు విరిగింది కూడా. ఎలుగుబంటి వచ్చి పెద్ద రాళ్ళు పక్కకి దొర్లించి పెట్టింది. రోజూ వాగు దాటి వచ్చి పాఠం చెప్పేది ఆవిడ. సభ రోజైతే అందరికంటే ముందే వచ్చేది.

ఏమిటి నందూ? ఆ ఏడు కరువొచ్చి, వాగు ఎండిపోయి, ఊట పాఠం అందరినీ కాపాడిందా అంటున్నావా?

లేదు నాన్నా. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. వాగు నిండుగా పారింది. కరువొస్తేనే ఆవిడ మాట నిజమవుతుందా ఏం? వానలు పడ్డా ఆవిడ చేసింది సరైనదే. తాబేలు పిల్ల ఆ పాఠం నేర్చుకుంది. నేర్చుకున్నది దాని దగ్గర ఉంది. అది చాలు.

ఇప్పుడు చెప్పు. మంచివాళ్ళు ఇస్తే తెల్లకాగితం మీద పేరు రాస్తావా? ... ఆఁ, "చదివి వినిపించమంటాను" అంటున్నావు. శభాష్. మంచివాళ్ళయితే చదివి వినిపిస్తారు, కోపం తెచ్చుకోరు. కోపం తెచ్చుకుంటే అప్పుడే నీకు సంగతి తెలిసిపోతుంది.

ఇదిగో, మాటల్లో పడి నువ్వు వేసిన చింతపండులో మూడు గింజలున్నాయి చూడు. చూడకుండా జాడీకెత్తితే రేపు పచ్చడిలో ఎవరి పన్నో విరుగుతుంది. బుట్టలో ఇంకా సగం మిగిలింది, ఎండ పోకముందే నేను పెరట్లో కూర్చుని తీసేసి వస్తాను. మీరు ఈలోగా ఈ కథ నీతి పలక మీద రాసి, రాసింది పైకి చదవండి. నాకు అక్కడికి వినపడాలి.

నీతి: చదవని మాట కింద మన ముద్ర వెయ్యకూడదు, ఒక్కరమే మిగిలినా సరే, "ముందు చదవండి" అనాలి.