వెన్నెలేటి చిలుక

అనగనగా ఒక ఏరు, దాని వెంట మూడు రాజ్యాలు. ఏటి పేరు వెన్నెలేరు. పైన కొండసీమ రాజు, నడుమ నడిసీమ రాజు, సముద్రం పక్కన తీరసీమను ఏలే కన్నెరాణి కువలయ.

కొండసీమ రాజు గండశిలుడనే మాంత్రికుడి చేత ఏటికి ఆనకట్ట కట్టించాడు. మాంత్రికుడు చెబితే తప్ప దాని తూములు తెరుచుకోవు. నడిసీమలో నారుమళ్లు నెర్రెలిచ్చాయి. జనం మూటలు కట్టుకున్నారు.

నడిసీమ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సైన్యంతో వెళ్లి ఓడి వచ్చాడు. రెండోవాడు కానుకలతో వెళ్లాడు. కానుకలు పోయాయి, నీళ్లు రాలేదు. మూడోవాడు ఇంద్రపాలుడు ఎండిన ఏటి వెంట దిగువకు ఒంటరిగా నడిచాడు. ఇసుకలో చిక్కిన తాబేలును భుజాన మోసి సముద్రంలో విడిచాడు.

"మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది నాయనా. నా వీపు మీద కూర్చో. తొందరపెట్టకు, నేను గుర్రాన్ని కాను" అంది తాబేలు.

ఒక సముద్రం దాటారు, అలసిపోయారు. రెండో సముద్రం దాటారు, ఇంకా అలసిపోయారు. ఏడూ దాటేసరికి ఇంద్రపాలుడికి కోపం కూడా మిగల్లేదు. అవతలి ఒడ్డున చెట్టు మీద చిలుక కూర్చుని ఉంది.

"చంపు. అందరూ అందుకే వస్తారు" అంది చిలుక.

"చంపితే?"

"ఆనకట్ట ఒక్కసారిగా కూలుతుంది. కింద ఎవరూ మిగలరు."

ఇంద్రపాలుడు చంపలేదు. చిలుకను పట్టుకుని గండశిలుడి ఎదుట నిలబడ్డాడు. మాంత్రికుడు వెంటనే తూములు తెరిచాడు. చిలుక ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటానని ఒట్టు పెట్టాడు.

నడిసీమకు నీళ్లొచ్చాయి. తండ్రి కొడుకును కౌగిలించుకుని, "ఇక మన పొలిమేరలోనూ ఒక ఆనకట్ట కట్టించు. తీరసీమ మన కాళ్ల దగ్గరికి వస్తుంది" అన్నాడు.

"మొన్న మనం ఏడ్చింది దీనికే కదా నాన్నగారూ."

"ఏడ్చాం కాబట్టే కట్టాలి."

రాజుల బుద్ధి అలాగే ఉంటుంది, పిల్లలూ.

"మన పల్లెల్లో చెరువు తూము ఎవరి చేతికిస్తాం?" అని అడిగాడు ఇంద్రపాలుడు.

"చివరి మడి రైతుకి. పై మళ్లన్నీ తడిస్తేగాని వాడి మడికి నీళ్లు రావు. అందుకని."

"అయితే చిలుక ఉండవలసింది తీరసీమలో."

"ఇల్లరికం పోతావేమిట్రా తమ్ముడూ?" అని అన్నలు నవ్వారు. అతను చిలుకను తీసుకుని బయలుదేరాడు.

కువలయ చిలుకను అందుకుని, "రేపు నేనే చెడ్డదాన్నైతే?" అంది.

"నువ్వు నీళ్లాపితే నీ నేల కూడా ఎండుతుంది. అంతకంటే నాకేమీ తోచలేదు. అలసిపోయాను."

ఆమె చిలుకను తన భుజాన కూర్చోబెట్టుకుంది. "పెళ్లి చేసుకుందాం. కాని చిలుకను నీకివ్వను."

"ఇవ్వకు. నేనడిగినా ఇవ్వకు."

పెళ్లయింది. ఇద్దరూ తలలు నెరిసేదాకా తీరసీమను ఏలారు. ఏటా ఎండాకాలంలో నడిసీమ దూతలు చిలుక కోసం వచ్చేవారు, ఉత్త చేతులతో పోయేవారు. ఒక కరువు ఏడాది, తను పుట్టిన నేల మీద జాలితో ఇంద్రపాలుడే అడిగాడు. కువలయ ఇవ్వలేదు. ఆ ఏడు మూడు రాజ్యాలకూ నీళ్లు తక్కువగానే వచ్చాయి. కాని మూడింటికీ వచ్చాయి.